నాలుక కొస మీది చేదు

మా సంఘంలో తప్పు చేసినవాళ్లు ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, ఆ తప్పు ఏమిటో అందరి ముందూ చెప్పాలి. చెప్పేదాకా ప్రభువు బల్లలో వాళ్లకు భాగం లేదు. రొట్టె పళ్లెం వాళ్ల ముందు ఆగకుండా పక్కవాళ్లకు వెళ్లిపోతుంది. చిన్నప్పుడు మా నాన్న పక్కన చాప మీద కూర్చొని ఇది ఎన్నోసార్లు చూశాను. తాగి పెళ్లాన్ని కొట్టినవాడు, తమ్ముడి పొలంలోకి గట్టు జరిపినవాడు, లేచి నిలబడి చివరికి ఒక్క మాట చెప్పి కూర్చునేవాళ్లు. కూర్చున్నాక వాళ్ల ముఖంలోకి ఒక తేలిక వచ్చేది. ఆ తేలికే దేవుడి చెయ్యి అని నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

మాస్టారినయ్యాక ఆ పద్ధతిని బడికి తెచ్చాను.

నేను జీవశాస్త్రం చెబుతాను. అప్పట్లో బూర్గంపాడు వైపు ఒక హైస్కూల్లో పని. పిల్లల్లో సగం మంది అడవి ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లు. నా క్లాసులో బెత్తం ఉండేది కాదు. అబద్ధమాడుతూ దొరికినవాళ్లు మాత్రం బోర్డు పక్కన నిలబడి, "నేను అబద్ధమాడాను" అని చెప్పాలి. చెప్పగానే భుజం తట్టి కూర్చోబెట్టేవాణ్ని. పిల్లల్ని కొట్టని మాస్టారినని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

తొమ్మిదో తరగతి వాళ్లకు జ్ఞానేంద్రియాల పాఠంలో నాలుక గురించి చెప్పాలి. ఆ కాలపు పుస్తకాలు చదివినవాళ్లకు ఆ బొమ్మ గుర్తుండే ఉంటుంది. నాలుక కొస మీద తీపి, ముందు పక్కల్లో ఉప్పు, వెనక పక్కల్లో పులుపు, బాగా వెనక చేదు. ఒక్కో రుచికి ఒక్కో చోటు, పొలాల పటం మాదిరి. దాన్ని ప్రయోగం చేసి చూపించాలి. చక్కెర నీళ్లు, ఉప్పు నీళ్లు, చింతపండు పులుసు, వేపాకు నూరి పిండిన రసం నాలుగు గ్లాసుల్లో పెట్టి, చీపురుపుల్లలకు దూది చుట్టి పంచేవాణ్ని. పంచే ముందే బోర్డు మీద బొమ్మ గీసి, ఏ రుచి ఎక్కడో రాసి పెట్టేవాణ్ని. జవాబు ముందు, ప్రయోగం తర్వాత. అందులో తప్పేముందో నాకు తోచేది కాదు. ఆదివారం బడిలోనూ వాక్యం ముందు బోర్డు మీద రాసి, ఆ తర్వాతే పిల్లలతో వల్లె వేయించేవాణ్ని.

పద్నాలుగేళ్ల కిందట ఆ క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. ఇంట్లో కోయ మాట్లాడేవాళ్లు. ఎండాకాలం వస్తే తల్లితోపాటు బీడీలు చుట్టే తునికాకు కోతకు పోయేది. బొగ్గు, ఇసుక, గులకరాళ్లతో వాగు నీళ్లు వడకట్టే డబ్బా ఒకటి తనే తయారు చేసింది. దాంతో ఖమ్మంలో జరిగే జిల్లా సైన్స్ ఫెయిర్‌కు ఆమెను తీసుకుపోవాలని నేనే ఎంపిక చేశాను. అంతకు ముందు ఆమె ఖమ్మం చూడలేదు. హాస్టల్లో ఆ వారమంతా ఆ సంగతే మాట్లాడేదట.

వేపరసం పుల్ల పెట్టుకున్నాక ఆమె చెయ్యెత్తింది.

"సార్, నాకు కొస మీద కూడ చేదు తెల్తుంది."

"కొస మీద తెలిసేది తీపి. చేదు వెనక. బొమ్మ చూడు."

"చూసిన సార్. అయినా తెల్తుంది."

వెనక బెంచీ నుంచి ఒకడు, "దాని నాలిక తిరగేసి పుట్టింది సార్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"పుల్ల వెనక్కు జరిగుంటది. నోరు కడుక్కొని మళ్ల పెట్టుకో."

కడుక్కొని వచ్చి, పుల్లను కొసకు మాత్రమే ఆనించుకొని కళ్లు మూసుకుంది. ముఖం ముడుచుకుపోయింది. "అవ్ సార్. కొస మీదనే."

"ఇంకెవరికన్నా తెలిసిందా?" అని క్లాసును అడిగాను. ఎవరూ చెయ్యెత్తలేదు.

"చూసినవా? ఇంతమందికి తెల్వంది నీకొక్కదానికే తెలిసిందా?"

ఆమె కూర్చొని నోట్సులో నాలుక బొమ్మ గీసి, అటు చివర నుంచి ఇటు చివర దాకా చేదు అని రాసింది. రబ్బరు తీసుకొని తుడవమన్నాను. తుడవలేదు. "మీరే గద సార్, తెలిసింది రాయమన్నరు" అంది. ఆ మాటలో పొగరు ఏమీ లేదు, ఇప్పుడు తలుచుకుంటే. అప్పుడు మాత్రం నాకు పొగరే వినిపించింది. అది అబద్ధమని, ఫెయిర్ కోసం ఎంపిక చేసేసరికి అందరిలో వేరుగా కనపడాలని ఆడుతున్నదని అన్నాను. బోర్డు పక్కకు వచ్చి ఒప్పుకోమన్నాను. ఆమె రాలేదు. ఒప్పుకునేదాకా ఖమ్మం ప్రయాణం లేదన్నాను.

మూడు రోజులు గడిచాయి. ఆ మూడు రోజులూ ఆ పిల్ల కోసం నేను నిజంగానే ప్రార్థన చేశాను. శుక్రవారం ఉపవాసం కూడా ఉన్నాను. ప్రభువా, ఆ మొండి మనసును కరిగించు అని మోకాళ్ల మీద అడిగాను. నాలుగో రోజు ఆమె తనంతట తానే లేచి బోర్డు పక్కకు వచ్చి, నేల చూస్తూ, "నేను అబద్ధమాడిన" అంది. భుజం తట్టాను. నోట్సులో బొమ్మ తుడిచి నా బొమ్మ గీసుకుంది. మర్నాడు ఇద్దరం ఇంకొక టీచరమ్మతో కలిసి బస్సెక్కాం. దారి పొడుగునా ఆమె కిటికీకి తల ఆనించి కూర్చుంది. బస్సు పడక వాంతి వస్తుందేమోనని నేను నిమ్మకాయ ఇచ్చాను. ఫెయిర్‌లో బహుమతి రాలేదు.

ఆమె ముఖంలో ఆ తేలిక రాలేదని నేను గమనించాను. కొందరికి ఆలస్యంగా వస్తుందిలే అనుకున్నాను.

ఆ తర్వాత ఈ కథను నేను సంఘంలో సాక్ష్యంగా చెప్పాను. ఒక పిల్ల మొండి హృదయం మూడు రోజుల ప్రార్థనకు ఎలా కరిగిందో చెబితే జనం స్తోత్రం అన్నారు. బాగుందని యవ్వనస్తుల కూడికల్లో చెప్పమన్నారు, చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. అదే నోటితో ఇంకొక ప్రసంగం కూడా చేసేవాణ్ని. సైన్సు ఈ రోజు ఒకటి చెబుతుంది, రేపు దాన్నే కాదంటుంది, అది ఇసుక మీద ఇల్లు. వాక్యం మారదు, అది బండ. మీ మాస్టారే చెబుతున్నాడు వినండి, సైన్సు మాస్టారు, అని మా పాస్టరు అయ్యగారు మధ్యలో అందుకునేవారు. సైన్సు మారుతుందని ఎగతాళి చేసిన నేను, క్లాసులో మాత్రం దాన్ని చుక్క మారని వాక్యంలా చెప్పేవాణ్నని నాకు ఎప్పుడూ తట్టలేదు.

కొన్నేళ్లకు పుస్తకాలు మారాయి. నాలుక బొమ్మ అందులో ముందులా లేదు. నా నోట్సు మారలేదు. సత్తుపల్లి దగ్గరి బడికి బదిలీ అయి వచ్చినప్పుడు కూడా అదే నోట్సు తెచ్చుకొని, అదే బొమ్మ గీశాను.

పోయిన వానాకాలం ఖమ్మంలో టీచర్లకు ట్రైనింగ్ పెట్టారు. చెప్పడానికి వచ్చింది ఒక కాలేజీ లెక్చరరు, మా అమ్మాయి వయసుంటుంది. ఒక్కొక్కరికి నాలుగు చిన్న కప్పులు, దూది పుల్లలు, ఖాళీ నాలుక బొమ్మ ఉన్న కాగితం ఇచ్చి, ఏ రుచి ఎక్కడ తెలుస్తుందో రాయమంది. ఐదు నిమిషాల్లో అందరం రాసి ఇచ్చేశాం. ఆమె కాగితాలు తిరగేసి నవ్వింది.

"అందరిదీ ఒకటే ఉంది. కప్పు మూత మాత్రం ఒక్కరు కూడ తీయలేదు సార్."

హాలు నవ్వింది. అప్పుడు మూతలు తీశాం. నా పక్కాయన చింతపండు ముందు పెట్టుకున్నాడు. నేను కాకరకాయ రసంలో పుల్ల ముంచి కొసకు ఆనించుకున్నాను. చేదు. నీళ్లు పుక్కిలించి మళ్లీ ఆనించాను. చేదే. కళ్లు మూసుకొని ముఖం ముడుచుకున్నాను. ఆ ముఖాన్ని నేను ఇంతకు ముందు ఒకసారి చూశానని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ మేడం తర్వాత చెప్పింది ఇది. చాలా కాలం కిందట ఒక పండితుడు నాలుక మీద రుచులు కొలిచాడు. ఒక చోటికీ ఇంకో చోటికీ చాలా చిన్న తేడా కనిపించింది, అదే రాశాడు. తర్వాత ఇంకొకరు దాన్ని గ్రాఫుగా గీసి చూపినప్పుడు ఆ చిన్న తేడా పెద్దగా కనిపించింది. దాన్ని చూసి పుస్తకాలు రాసినవాళ్లు హద్దులు గీసేశారు. ఒక పుస్తకం చూసి ఇంకో పుస్తకం. పరీక్షించి చూసినవాళ్లు లేకపోలేదు, కానీ వాళ్ల మాట బడుల దాకా రావడానికి తరాలు పట్టింది. ప్రపంచంలో ప్రతి మనిషి నోట్లోనూ నాలుక ఉంది. భోజనానికి కూర్చున్న ఎవరైనా దాన్ని తప్పని తేల్చవచ్చు. మాలో ఎవరూ తేల్చలేదు.

ఒక పెద్ద మాస్టారు లేచాడు. "మరి ఇప్పుడు మీరు చెప్పేది రేపు మారదని ఏంది నమ్మకం?"

"మారొచ్చు సార్. అది మారాలన్నా ఎవరో ఒకరు నాలిక మీద పెట్టుకొని, నాకు గిట్ల లేదు అని చెప్పాలె గద. చెప్తే మనం వినాలె."

భోజనాలకు లేచినప్పుడు నేను వెళ్లలేదు. కుర్చీలోనే కూర్చొని నాకు నేను సాకులు చెప్పుకున్నాను. పుస్తకంలో ఉన్నదే చెప్పాను కదా. నాకన్నా పెద్ద చదువులవాళ్లు రాసిందే కదా. నిజమే. కానీ ఆ పిల్లను అబద్ధికురాలని ఏ పుస్తకమూ అనలేదు. అది నేను అన్నాను. ఇంకొకటి కూడా అడ్డం వచ్చింది. నా ప్రార్థన. అడిగాను, దొరికింది అని అన్నేళ్లు స్తుతించాను. అది దేవుడు ఇచ్చిన జవాబు కాదు, ఖమ్మం బస్సును అడ్డం పెట్టుకొని నేను ఆ పిల్ల నోటితో పలికించుకున్న జవాబు. దాన్ని ఆయన పేరు మీద చెప్పుకున్నాను.

సైన్సు నిష్పాక్షికమైనదని పిల్లలకు నోట్సు రాయించినవాణ్ని నేను. పరిశీలన, నమోదు, నిర్ధారణ అని మూడు మాటలు గీత గీసి రాయించేవాణ్ని. గింజలు మొలకెత్తించినప్పుడు కొన్ని మొలవకపోతే, మొలిచాయనే రాయించాను. మరిగే నీళ్లలో థర్మామీటరు వంద దాకా ఎక్కకపోతే వందే రాయించాను. అన్ని రికార్డు పుస్తకాలూ ఒకే చేతితో రాసినట్టు ఉండేవి, నేను ఎర్ర పెన్నుతో బాగుంది అని రాసేవాణ్ని.

ఆమె ఎక్కడుందో కనుక్కోవడం కష్టం కాలేదు. ఆ బ్యాచ్ పిల్లలకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది, నన్ను కూడా చేర్చారు. రోజూ పొద్దున అందులో నేను ఒక వాక్యం పెడతాను, వాళ్ల కబుర్లు పెద్దగా చదవను. బూర్గంపాడు వైపు ఒక ఊళ్లో ఆమె అంగన్‌వాడీ టీచరు. ఒక శనివారం బండి మీద బయలుదేరాను. అశ్వారావుపేట దాటేదాకా పామాయిల్ గెలల ట్రాక్టర్ల వెనక నెమ్మదిగా పోవాల్సి వచ్చింది. ఆ నెమ్మది నాకు ఇష్టంగానే ఉంది. ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్నాను, వెళ్లేసరికి ఒక్క మాటా మిగల్లేదు.

ఆమె ఒక చంటిపిల్లను బరువు తూచే ఉయ్యాల్లో పెట్టి, ముల్లు నిలిచేదాకా చూస్తూ ఉంది. నన్ను చూసినా, పుస్తకంలో బరువు రాసుకున్నాకే లేచింది.

"సార్, మీరా? గిట్ల వచ్చిండ్రేంది? కూసోండ్రి." సాయంగా ఉండే ఆయమ్మను పిలిచి టీ పెట్టమంది.

చెప్పాను. నాలుక బొమ్మ, వేపరసం, ఖమ్మంలో నేను కాకర రసం పెట్టుకోవడం. తప్పు నాది బిడ్డా, నువ్వు నిజమే చెప్పినవ్, అన్నాను. ఆమె చంటిపిల్లకు చొక్కా తొడుగుతూ విన్నది.

"పిల్లలకు పాలు మాన్పించేటప్పుడు మా ఊళ్ల తల్లులు వేపాకు నూరి రాసుకుంటరు సార్. మీ దిక్కు కూడ రాసుకుంటరు గద?"

"అవ్."

"పిల్ల నాలిక కొస తాకుతదో లేదో ముఖం తిప్పుకుంటది. బొమ్మల గీసినట్టే ఉంటే ఒక్క పిల్ల పాలు మానదు." నవ్వింది. "అప్పుడు నాకు ఇది తెలుసు సార్. మగపిల్లల ముందట ఎట్ల చెప్పను?"

మా ఇంట్లో ముగ్గురు పిల్లలు అలాగే పాలు మానారు. నేను చూస్తూనే ఉన్నాను.

"క్షమించు బిడ్డా."

"నేను ఆ మూడు దినాలు మస్తు ఆలోచన చేసిన సార్. మా క్లాసుల నేను ఆడిన అబద్ధం ఒక్కటే. అబద్ధమాడిన్నని చెప్పుడే." ఉయ్యాల కొక్కెం తీసి పక్కన పెట్టింది. "ఖమ్మం చూడాలని ఆడిన. మా ఇంట్ల గూడ చెప్పలే."

టీ వచ్చింది. నేను గ్లాసు పట్టుకొని కూర్చున్నాను.

"నాకు చెప్పిండ్రు, మంచిదే. నాకైతే ఎప్పుడో తెలుసు గద సార్. తెల్వనోళ్లకు చెప్పుండ్రి. గ్రూపుల ఇప్పటికి నన్ను చేదు అనే పిలుస్తరు. మొన్న పెండ్లిల కూర ఉప్పైందంటే, నీ నాలిక మాట ఎవరు నమ్ముతరు అని ఒకామె. నవ్వుతాలకే అంటరు. నేను గూడ నవ్వుతా."

మొదట సంఘంలో చెప్పాను. ముందుగా అయ్యగారికి చెబితే, "తమ్ముడూ, పుస్తకం తప్పుకు నువ్వేం జేస్తవ్, ఇది లేచి చెప్పుకునే తప్పు కాదు" అన్నారు. అయినా లేచాను. ఇన్నేళ్లు నేను మీకు చెప్పిన సాక్ష్యం తప్పు, ఆ పిల్ల మొండిది కాదు, మొండివాణ్ని నేనే అన్నాను. జనం స్తోత్రం అన్నారు. ఆరాధన అయ్యాక ఇద్దరు పెద్దలు వచ్చి నా దీనత్వం ఎంతో ఆశీర్వాదకరంగా ఉందని చేతులు పట్టుకున్నారు. ఆ పిల్ల ఎక్కడుంది, ఎలా ఉంది అని ఒక్కరూ అడగలేదు. ఆమెకు జరిగింది మళ్లీ నా మంచితనం కిందికే వచ్చి చేరింది. ఆ నెల బల్ల దగ్గర పళ్లెం నా ముందుకు వస్తే పక్కవాళ్లకు అందించాను. ఎవరూ ఆజ్ఞాపించలేదు. నాకు చెయ్యి రాలేదు.

గ్రూపులో రాయడానికి ఇంకో వారం పట్టింది. సంఘంలో లేవడం నాకు అలవాటే. పిల్లల ముందు అలవాటు లేదు. మొదట, ఆ రోజుల్లో పుస్తకంలో అలా ఉండేది అని మొదలుపెట్టాను. చెరిపేశాను. రెండోసారి వాక్యంతో మొదలుపెట్టాను. అదీ చెరిపేశాను. చివరికి ఒక మధ్యాహ్నం బడిలో ఖాళీ పీరియడ్‌లో ఇంత మాత్రమే రాసి పంపాను: తొమ్మిదో తరగతిలో వేపరసం నాలుక కొస మీద చేదుగా ఉందని మీ క్లాస్‌మేట్ చెప్పింది నిజం. ఆమె అబద్ధమాడలేదు. ఫెయిర్‌కు తీసుకుపోనని బెదిరించి, అబద్ధమాడానని నేనే చెప్పించాను. తప్పు చేసింది నేను.

ముందు దండం పెట్టే చేతుల బొమ్మలు వచ్చాయి. మీలాంటి సార్ దొరకడం మా అదృష్టం అని ఒకమ్మాయి. లైట్ తీస్కోండి సార్, ఎప్పటి ముచ్చట అని ఇంకొకడు. అయితే ఇప్పుడు దానికి చక్కెర అని పేరు పెట్టాల్నా సార్ అని మరొకడు, నవ్వే బొమ్మతో. ఇక్కడా స్తోత్రమే దొరుకుతుందని ఫోను బోర్లా పెట్టేశాను.

మళ్లీ చూసేసరికి ఒక వాయిస్ మెసేజ్ ఉంది. బొగ్గు గనిలో డంపర్ లారీ నడిపే కుర్రాడు, అప్పట్లో వెనక బెంచీవాడు. వెనక ఇంజను మోత వినిపిస్తోంది.

"సార్, ఒక మాట. ఆ రోజు నాక్కూడ కొస మీద చేదు తెలిసింది. బొమ్మల లేదు గదా, నాకే ఏదో తేడా అనుకొని నోరు మూసుకున్న. పైంగ నేనే దాన్ని ఎక్కిరించిన, నాలిక తిరగేసి పుట్టిందని. సారీ చెల్లె."

దాని కింద ఎవరో, నాక్కూడా తెలిసింది అని రాశారు. ఇంకొకరు, నాకు పులుపు గూడ అంతట తెలిసింది సార్. నాక్కూడా. నాక్కూడా. నేను చెయ్యెత్తుదామనుకున్న సార్. అలా వరసగా వస్తూనే ఉన్నాయి. నేను వేలితో పైకి జరుపుతూ చదివాను. ఒక క్లాసు క్లాసంతా నా ముందు కూర్చొని, నోట్లో చేదు పెట్టుకొని, నేను అడిగితే తల వంచుకున్నది. వాళ్లందరికీ నేను ఆ రోజు పరిశీలన అనే మాటకు అర్థం రాయించాను.

సాయంత్రం బడి వదిలాక ఆమె రాసింది. నాకు కాదు, వాళ్లకు.

"మరి అప్పుడెందుకు చెప్పలేదురా మీరంత?"

అందరూ చదివారు. ఎవరూ జవాబు రాయలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది వాళ్లు కాదు, నేను. స్టాఫ్‌రూంలో అందరూ వెళ్లిపోయారు. నేను కూర్చొని ఒక్కొక్క అక్షరం నొక్కుతూ, వాళ్లు చెయ్యెత్తే ముందు నా ముఖం చూసిండ్రు బిడ్డా, అని రాసి పంపాను.